రెండుసార్లు అడిగిన కంప్యూటర్

ఆ ఉదయం ఫోటో స్టూడియో యజమానికి ఉన్న పని ఒక్కటే. పదకొండింటికల్లా స్కూలు గ్రూప్ ఫోటో ప్రింటు తీసి హెడ్‌మిస్ట్రెస్ చేతిలో పెట్టాలి. ఆలస్యమైతే ఇక ఎదురు స్టూడియోకే పోతానని ఆవిడ ముందే చెప్పేసింది. కెమెరాలో కార్డు ఖాళీ చేసేశాడు కాబట్టి ఫోటో ఉన్నది కంప్యూటర్లోనే. తీరా ప్రింటు నొక్కితే, చోటు చాలదని అది మొండికేసింది.

"అప్‌డేట్ అయినప్పుడల్లా పాత సిస్టమ్ లోపలే తిష్ట వేస్తుంది బావా. తీసి అవతల పారెయ్," అన్నాడు బావమరిది.

వెతికితే అలాంటి పాత సిస్టమ్‌లు ఏడు దొరికాయి. కానీ మన ఫోటోగ్రాఫర్ చిరిగిన నెగెటివ్ కూడా పారేయని మనిషి. ఎప్పుడైనా పనికొస్తాయేమోనని, ఒక్కోదాన్నీ చెరిపే ముందు దానికి రెండేసి కాపీలు తీసి, అదే కంప్యూటర్లో ‘భద్రం’ అని పేరు పెట్టి దాచాడు. గంటసేపు చెమటోడ్చాక చూస్తే, ఉన్న కాస్త చోటూ హరీమంది.

కౌంటర్ దగ్గరున్న భార్య లేచి వచ్చింది. "ఇల్లు ఖాళీ చేయించమంటే, ఇంకో ఇద్దర్ని అద్దెకి దింపారా? లేవండి, నేను చూస్తా!"

"అక్కా, ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్ కూడా ఆ వరుసలోనే ఉంది, కాస్త చూసి..."

"అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటే ఏది చూడమంటావురా?" అంటూ ఆమె వరుస మొత్తం పట్టేసి చెరిపేయమని నొక్కింది. నిజంగానే తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. అవునంది. మళ్ళీ అడిగింది. ఒకే మాట రెండుసార్లు అడిగితే ఆమెకు ఒళ్ళు మంట.

"చెప్తే అర్థం కాదూ నీకు?" అని ఠపీమని నొక్కింది. తెర ఒకసారి నీలంగా చూసి, నల్లగా కళ్ళు తేలేసింది.

"నడిచేదాన్ని కూడా సాగనంపావక్కా. ఇంక ఫోటో బయటికి రాదు," అన్నాడు బావమరిది.

సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ప్రింటు తీసేశారా?"

"ఇం... ఇంకా లేదు మేడమ్."

"హమ్మయ్య! సరిగ్గా మీరు కెమెరా నొక్కినప్పుడే నాకు ఆవులింత వచ్చింది. నిన్నట్నుంచీ అదే బెంగ. నోరు అంత తెరిచి పిల్లల మధ్య నేను! దయచేసి చెరిపేయండి, మళ్ళీ తీద్దాం."

భార్య గొంతు సవరించుకుంది. "మేమూ అదే అనుకుని చెరిపేశామండీ. వేళ్ళతో సహా."

హెడ్‌మిస్ట్రెస్ పొంగిపోయింది. "మనిషి పరువు తెలిసినవాళ్ళు! ఇకమీదట మా ఫోటోలన్నీ మీవే. అన్నట్టు, మా ఆఫీసు కంప్యూటర్ కూడా చోటు లేదని గోల పెడుతోంది. ఎవరైనా వచ్చి చూస్తారా?"

ఫోటోగ్రాఫర్ వద్దని తల ఊపేలోపే అక్కాతమ్ముళ్ళిద్దరూ చెప్పులేసుకుని గుమ్మం దాటేశారు.

బడి మొత్తం పిల్లల పరీక్ష మార్కులు అందులోనే ఉన్నాయట.