మూడు ఇంటిపేర్ల బావ

ఇలా నా పక్కకు జరిగి కూర్చోవే. మీ తాతయ్య అపరాధ పరిశోధన సంగతి చెబుతాను.

"నా కంట పడకుండా తప్పించుకున్న రహస్యం ఈ భూమ్మీద లేదు" అని ఆయన రోజూ ప్రకటించేవాడు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికేదీ ఆయనే.

అప్పట్లో నా దిగులంతా అక్క గురించే. బావ గడియారాలు బాగుచేసేవాడు. వాళ్ళూ మేమూ ఒకేసారి ఇళ్ళు మారేసరికి ఉత్తరాలు తిరిగొచ్చాయి. ఇరవై ఏళ్ళు. అక్క ఉందో లేదో కూడా తెలియదు.

తాతయ్య ఆఫీసుల చుట్టూ తిరిగి మూడు కాగితాలు సంపాదించాడు. పెళ్ళి కాగితంలో బావ ఇంటిపేరు నిండుగా ఉంది. దుకాణం లైసెన్సులో దాని తోక తెగింది. వీధి దుకాణాల జాబితాలో తల కూడా ఎగిరిపోయింది.

"ముగ్గురు మనుషులు," అన్నాడు గొంతు తగ్గించి. "లేదా ఒక్కడివే మూడు వేషాలు. మీ బావ సామాన్యుడు కాదు."

"మా బావకు ఉన్నవే రెండు చొక్కాలండీ. మూడో వేషం ఎక్కడిది?"

లైసెన్సులో ఉన్న చిరునామాకు వెళ్ళాం. మధ్యాహ్నం కదా, దుకాణం మూసి ఉంది.

"మేడ మీద ఎవరినైనా అడుగుదామండీ."

"అడిగితే నేరస్థుడు జాగ్రత్తపడతాడు. నువ్వు స్టూలు పట్టుకో."

పక్క కొట్టు స్టూలెక్కి, భూతద్దంతో బోర్డు మీద అక్షరాలు పరీక్షించాడు. ఇంకాస్త వంగుదామని బోర్డునే పట్టుకున్నాడు. స్టూలొక వైపు, ఆయనొక వైపు, బోర్డు ఆయన మీద.

ఆ చప్పుడుకు మేడ కిటికీ తెరుచుకుంది.

"ఎవడ్రా అది, పట్టపగలు బోర్డు పీకేది?" అంటూ ఒక ముసలామె తొంగిచూసింది. రెండో తిట్టు నోట్లోనే ఆగిపోయింది. "మరిది గారా?"

"అక్కా!" అని అరిచాను. అక్క చెప్పులైనా లేకుండా దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు.

వెనకే బావ దిగాడు. సంగతి విని నవ్వాడు.

"పెయింటరు తెచ్చిన చెక్క పొట్టిదమ్మా. పట్టినంత రాసి ఆపేశాడు. లైసెన్సాయన బోర్డు చూసి ఎక్కించుకున్నాడు. జాబితా రాసుకున్న రోజు మొదటి అక్షరం ఎండ పరదా చాటున ఉంది."

"సరిచేయించలేదా బావా?"

"గడియారం తప్పు నడిస్తే సరిచేస్తాను. పేరు తప్పు నడిస్తే నాకేం చేతనవుతుంది?"

తాతయ్య మోచెయ్యి రుద్దుకుంటూ లేచాడు. "నేను చెప్పలేదూ? ముగ్గురూ ఒకే ఇంట్లో దొరికారు."

ఇది మరిచిపోకే తల్లీ, నీ పిల్లలకూ చెప్పు. తాతయ్య తెలివితోనే అక్క దొరికిందని చెప్పు, పాపం. బోర్డు మీద పడిన సంగతి మాత్రం వదిలెయ్యకు.