ఇంటికొక పార

అక్షరదోషాలుంటే మన్నించండి. ముసలితనంలో పలక పట్టిన చెయ్యి, నెమ్మదిగా కదులుతుంది. కథలోని మనుషుల దోషాలు మాత్రం నావి కావు.

సింధనూరు పక్కనున్న గోరేబాళ ఊళ్లో ఆ పొద్దున శ్రీరాములు అనుకున్నది చిన్న పనే: పంచాయతీలో ఒక మాట చెప్పేసి వచ్చి, మర్నాటికి వరినాట్లు పురమాయించడం. టీవీలో ఆదాయపు పన్ను శ్లాబులు చెబుతుంటే కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

"చూశావటే! ఎక్కువ సంపాదిస్తే ఎక్కువ పన్నంట. అందరికీ ఒకటే ఉండాలి!"

"వరి మీద మీరెప్పుడు కట్టారండీ పన్ను?" అంది భార్య సీతారావమ్మ.

ఆయనకు వినబడలేదు. ముప్పై ఎకరాల ఆసామికి అలాంటివి వినబడవు.

పిల్లకాలువ పూడిక తీతకు ఊళ్లో పాత పద్ధతి ఒకటుంది. రెండెకరాల లోపు వాళ్లకు మాఫీ. ఆపైన ఎకరాలు పెరిగేకొద్దీ ఎక్కువ మంది మనుషుల్ని పెట్టాలి. శ్రీరాములు వెళ్లి దాన్ని కొట్టేయించాడు.

"ఇంటికొక మనిషి, ఒక పార. రాని ఇంటికి నీళ్లు బంద్!"

పెద్ద రైతులు చప్పట్లు కొట్టారు. ఎకరం రైతు గురవయ్య నోరు విప్పబోతే, "సమానమంటే నీకు గిట్టదేంట్రా?" అని మూయించాడు.

మర్నాడు నాట్లకు ఒక్క కూలీ రాలేదు. నారు ముదిరిపోతోంది, ఇంకా ఆగితే పంట సగమే. కూలీల పెద్ద నీలమ్మ ఇంటికి పరుగెత్తాడు. ఆమె పార భుజాన వేసుకొని ఎదురొచ్చింది.

"ఏంది సావుకార్, గిట్లొచ్చిండ్రు? మేం కాలువకు పోతున్నం."

"ఆడాళ్లెందుకే? మగాళ్లేరి?"

"బెంగళూరు పనికి పోయిండ్రు. ఇంట్ల ఉన్న మనిషిని నేనే. పోకుంటే నా ఎకరానికి నీళ్లు బంద్ అని మీరే అంటిరి గదా."

"నీకు మాఫీ ఇప్పిస్తానే!"

"వద్దు సావుకార్. మాఫీ అంటే మీకు కోపం."

తన ఇంటి తరఫున పాలేరు ఈరేష్‌ను పంపుదామంటే, వాడు తన ఇంటి తరఫున అప్పటికే కాలువలో ఉన్నాడు. శ్రీరాములే దిగాడు. మోకాలి లోతు బురదలో దిగినవాడు మళ్లీ ఎక్కలేకపోయాడు. నలుగురు పట్టి లాగితే మనిషి వచ్చాడు, చెప్పులు రాలేదు.

గట్టు మీద సీతారావమ్మ అన్నం క్యారియరు దించింది. "మీరు కష్టజీవినని చెబుతుంటే ఇన్నాళ్లూ నమ్మలేదండీ."

పొద్దుగూకేసరికి కాలువ పూడిక ఓ మూలైనా కదల్లేదు. శ్రీరాములు మూలుగుతూ అరిచాడు: "జేసీబీని పిలవండి! డబ్బు నేనిస్తాను!"

జేసీబీ ఊరందరి పూడికా ఒక్కరోజులో ఎత్తిపోసింది. నీలమ్మ ముఠా పొలం గట్టుకొచ్చి నిలబడింది.

"కూలి జరంత ఎక్కువైతది సావుకార్. ఎకరం రైతుకొక రేటు, ముప్పై ఎకరాలోళ్లకొక రేటు."

శ్రీరాములు నారు వైపు చూసి తలూపాడు.

సమానత్వం బాగా ఖర్చుతో కూడిన పనని, పేదవాళ్లు భరించలేరని ఆయన ఇప్పుడు అందరికీ చెబుతున్నాడు.

— అయ్యమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు, ప్రస్తుతం సింధనూరులో