ఫ్యాన్ జోన్‌లో నూర్జాన్

ఆ ఆదివారం పొద్దున నూర్జాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అన్నం తిని రెండింటి బస్సుకు నెల్లూరు నుంచి మైపాడు వెళ్లాలి. బీచి పండగలో ‘ఉప్పుగాలి’ వాళ్ల పాటలు వినాలి. అన్నీ కాకపోయినా ‘ఆఖరి బస్సు’ ఒక్కటి వినాలి. చీకటి పడేలోపు ఇల్లు చేరి, మోకాళ్లకు నూనె రాసుకుని పడుకోవాలి. యాభై ఏడేళ్ల వయసులో ఇంతకంటే పెద్ద కోరికలకు ఆమె మోకాళ్లు ఒప్పుకోవు.

ఆమె జాకెట్లు కుడుతుంది. మొదటి మిషను కొన్న ఏడాదే ఉప్పుగాలి క్యాసెట్ వచ్చింది. గిటార్లు పట్టుకున్న నలుగురు కోస్తా కుర్రాళ్లు. వాళ్లు పాడిన ‘ఆఖరి బస్సు’ తాళం సరిగ్గా మిషను తొక్కుడుకు సరిపోయేది. ఆ పాట మీద ఎన్ని వందల చేతులు అతికించిందో ఆమెకే తెలియదు. తర్వాత ఆ నలుగురూ విడిపోయారు, టేపురికార్డరు పాత సామాన్లవాడికి పోయింది, మోకాళ్ల నొప్పులు మిగిలాయి. ఇప్పుడు ఇన్నేళ్లకు వాళ్లు మళ్లీ కలిసి పాడుతున్నారని పక్కింటి ఉష ఫోన్లో చూపించింది.

“పాసులు రెండు రకాలుండాయక్కా. కుర్చీల వరస ఒకటి, ఫ్యాన్ జోన్ ఒకటి. రేటు ఒకటే.”

“కుర్చీలు యాడైనా ఉంటాయి. ఈ ఎండల్లో ఫ్యాన్లుండే చోటే తీసుకో,” అంది నూర్జాన్.

ఆమె భర్త అమీర్ బాషా గ్యాసు పొయ్యిలు బాగుచేస్తాడు. “ఈ వయసులో గంతులేసే పాటలేందే,” అన్నాడు.

“గంతులేసేదానికి కాదండీ. కూర్చోని వినేదానికి.”

మైపాడులో బస్సు దిగి, ఇసుకలో అరగంట నడిచి చేరేసరికి ఫ్యాన్ జోన్ అంటే వెదుళ్ల కంచె వేసిన ఇసుక అని తెలిసింది. అందులో రెండొందల మంది ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉన్నారు. గేటు దగ్గర బట్టతల నిర్వాహకుడి మెడలో సుశీల్ కుమార్ అని కార్డు వేలాడుతోంది.

“ఫ్యాన్లు యాడండీ?” అని ఉష అడిగింది.

అతను జనాన్ని చూపించాడు. “వీళ్లంతా ఫ్యాన్సే కదమ్మా.”

నూర్జాన్‌కు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. “అయ్యా, నేను నిలబడలేను. ఒక కుర్చీ ఇప్పించండి,” అంది.

సుశీల్ కుమార్ ఆమె కాళ్ల వైపు చూశాడు. ముఖం మెత్తబడింది. పరుగున వెళ్లి చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. ఆ పండగకు ఉన్న చక్రాల కుర్చీ అదొక్కటే.

“ఇది నాకొద్దు. మామూలుది చాలు,” అని నూర్జాన్ గొణిగింది.

“కూర్చో అక్కా. మనం అడిగింది కుర్చీయే. దానికి చక్రాలుంటే వాళ్లేం చేస్తారు,” అని ఉష భుజం నొక్కి కూర్చోబెట్టింది.

చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. నలుగురు మనుషులు కుర్చీని పల్లకిలా ఎత్తారు. జనం దారి ఇచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి నీళ్ల సీసా ఇచ్చి, నూర్జాన్ మోకాళ్ల మీద తన చున్నీ కప్పింది. వేదికకు ఆరడుగుల దూరంలో దించారు. తోడు మనిషినంటూ వెంటొచ్చిన ఉష వేరుశెనక్కాయలు తింటూ, “నలభై యేళ్లకు మంచి చోటు దొరికింది,” అంది. నూర్జాన్ మాత్రం చేయని నేరానికి సన్మానం పొందుతున్నదానిలా తలవంచుకు కూర్చుంది.

వాళ్ల వీధి చివర గుండీలూ దారాలూ అమ్మే మస్తానయ్య కూడా ఆ రోజు బీచికి వచ్చాడు. దూరం నుంచి చూసింది చూసినట్టు అమీర్ బాషాకు ఫోన్ చేశాడు. “బాషా అన్నా, అక్కను చక్రాల కుర్చీలో నలుగురు ఎత్తుకొని పోతుండారు.”

నిమిషంలో నూర్జాన్ ఫోన్ మోగింది. వేదిక మీద పాట మొదలైంది.

“ఏమైంది నీకు?”

“ఏం కాలా. కూర్చోనుండా.”

“లేసి నిలబడు చూద్దాం.”

చున్నీ కప్పిన అమ్మాయి పక్కనే జాలిగా చూస్తోంది. నూర్జాన్ గొంతు తగ్గించింది. “ఇప్పుడు లేయలేనండీ.”

“ఎందుకని?”

“అందరూ చూస్తుండారు” అని ఆమె చెప్పిన మాట డ్రమ్ముల కింద పడిపోయింది. అమీర్ బాషాకు మొదటి మాటే వినిపించింది. కట్టుకున్న లుంగీతోనే ఆటో ఎక్కాడు. దారిలో ఇందుకూరుపేటలో ఆగి, విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఆదెయ్యను నిద్ర లేపాడు. ఆదెయ్య వెదురు బద్దలూ, గుడ్డ పట్టీలూ, ఆరు కోడిగుడ్లూ సంచిలో వేసుకుని, “మనిషిని ఎట్టా గుర్తుపట్టేది?” అని మాత్రం అడిగాడు.

“చక్రాల కుర్చీలో ఉంటుంది,” అన్నాడు అమీర్ బాషా.

ఇక్కడ పదో పాటలో, ముఖ్య గాయకుడు క్రీస్తుదాసు పాతరోజుల్లోలా గాల్లోకి ఎగిరాడు. అతనికి అరవై రెండేళ్లు. ఎగరడం బాగానే ఎగిరాడు. దిగడంలో మోకాలు పట్టేసింది. పాట ఆగింది. మిగతా ముగ్గురూ గిటార్లు దించి అతన్ని లేపబోయి, తమ నడుములు పట్టుకున్నారు.

“కుర్చీ తెండి,” అన్నాడు మైకులో ఎవరో. సుశీల్ కుమార్ అటూ ఇటూ చూశాడు. ఆ చుట్టుపక్కల ఉన్న కుర్చీ ఒక్కటే. దాని వైపు చూసి, అడగలేక తల తిప్పుకున్నాడు. రెండొందల మందీ చూసి తల తిప్పుకున్నారు.

ఇంకా పాడంది ‘ఆఖరి బస్సు’. అది వినకుండా ఇంటికి పోవడమా, ఇంతమంది ముందు పరువు పోవడమా అని నూర్జాన్ ఒక్క క్షణం ఆలోచించింది. చున్నీ మడతపెట్టి ఆ అమ్మాయికి ఇచ్చింది. లేచి నిలబడింది.

“ఇది తీసుకోండి,” అంది ఎవరి ముఖమూ చూడకుండా. చున్నీ అమ్మాయి నీళ్ల సీసా వెనక్కి తీసుకుంది.

వేదిక ఒకవైపు వాలుగా ఉంది. క్రీస్తుదాసును కూర్చోబెట్టగానే కుర్చీ డ్రమ్ముల వైపు జారిపోయింది. దానికి బ్రేకు లేదు. ఇసుకలో ఆ సంగతి బయటపడలేదు.

“ఇందాకటి నుంచి దీంట్లో ఉండింది మీరే కదా. మీరే పట్టుకోండి,” అన్నాడు సుశీల్ కుమార్. ఆ గొంతులో ఇప్పుడు మెత్తదనం లేదు.

అలా నూర్జాన్ వేదికెక్కి, వెనక నిలబడి, రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది. ‘ఆఖరి బస్సు’ మొదలైంది. తాళం మునుపటికంటే నెమ్మదించింది. ఆమె కుడిపాదం తనంతట తాను కదలడం మొదలుపెట్టింది. మోకాళ్లు సలుపుతున్నాయి, అయినా పాదం ఆగలేదు.

రెండో చరణం దగ్గర క్రీస్తుదాసు ఆగిపోయాడు. గిటార్లు అక్కడే మళ్లీ మళ్లీ తిరిగాయి. అతను మర్చిపోయాడని ఆమెకు అర్థమైంది. వంగి చెవిలో చెప్పింది: “చివరి సీటు ఖాళీగుంది, చినుకు ఎక్కి కూర్చుంది.”

అతను అందుకున్నాడు. జనం అందుకున్నారు. “థాంక్సమ్మా,” అన్నాడు పాట మధ్యలో, ఆమెకంటే అయిదేళ్లు పెద్దవాడు.

సరిగ్గా అప్పుడే ఆదెయ్య వేదిక ఎక్కాడు. చక్రాల కుర్చీని గుర్తుపట్టి, నేరుగా వచ్చి కింద కూర్చుని, అందులోని కాలిని లాగాడు. క్రీస్తుదాసు గొంతు క్యాసెట్లో కూడా అందుకోని స్థాయిని అందుకుంది. జనం ఈలలు వేసి మళ్లీ పాడమన్నారు. ఆదెయ్య గుడ్డు సొన పూసి కట్టు ముగించేదాకా పాట రెండుసార్లు నడిచింది. నూర్జాన్ రెండుసార్లూ నిలబడే ఉంది.

ఇసుకలో చెప్పులు పోగొట్టుకుని వచ్చిన అమీర్ బాషా, వేదిక మీద నిలబడి ఉన్న భార్యను చూసి చతికిలబడ్డాడు. కోప్పడదామనుకున్నాడు గానీ ముందు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

తిరుగు దారిలో ఆమె నిజంగానే నడవలేకపోయింది. ఉషా, అమీర్ బాషా చెరో చెయ్యి పట్టుకుని ఆటోలో కూర్చోబెట్టారు. ఇందుకూరుపేటలో ఆదెయ్యను దింపారు.

“ఇంత చేసి పోయినావు. దగ్గర్నుంచి ఎట్టా ఉండాడు ఆ పాడే ఆయన?” అన్నాడు అమీర్ బాషా.

నూర్జాన్ కళ్లు మూసుకునే చెప్పింది.

“జుట్టుకు రంగేసుకుంటాడు. వెనకవైపు చెయ్యి అందలా.”