వేలు వదలని ఉంగరం

ఆ రోజు నగల మేస్త్రీ మనసులో వేసుకున్న లెక్క చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ఉంగరంలో నీలం రాయి పొదగడం ముగించాలి. పదింటికి చెక్కుడు పనావిడ వస్తే ఉంగరం లోపల రెండక్షరాలు చెక్కించాలి. పన్నెండింటికి దాన్ని కస్టమర్ చేతిలో పెట్టి, భోంచేసి, ఒక గంట కునుకు తీయాలి. యాభై ఒక్కేళ్ళ బ్రహ్మచారికి ఇంతకు మించిన కోరికలు ఉండవని అతని నమ్మకం.

రాయి తొమ్మిదికి పావుగంట ముందే చక్కగా కూర్చుంది. దాన్ని పట్టి ఉంచే బంగారు కొక్కేలు ఏమాత్రం పైకి లేచి ఉన్నా గుడ్డకు తగులుకుంటాయి. అందుకని ప్రతి ఉంగరాన్నీ చిటికెన వేలికి పెట్టుకుని, చొక్కాకి రుద్ది చూడడం అతనికి ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ రోజు చిటికెన వేలికి రంపం గీరుకుని కట్టు ఉంది. పోనీలెమ్మని పక్క వేలికి తొడిగాడు. కొక్కెం ఒక్కటీ తగులుకోలేదు. ఉంగరం మాత్రం వెనక్కి రాలేదు.

సబ్బు రాశాడు. నూనె రాశాడు. లాగినకొద్దీ వేలు వాచింది. దారం చుట్టి తీసే ఉపాయం ఒకటుంది. దాంతో ఎందరి వేళ్ళనో అతనే విడిపించాడు. కానీ దానికి రెండు చేతులు కావాలి, ఆ రెండూ ఇంకొకరివి కావాలి. పోనీ రంపంతో కోద్దామంటే పన్నెండు రోజుల పని గంగపాలు.

సరిగ్గా అప్పుడే మేడ మీది నుంచి అక్క కాఫీ పట్టుకుని దిగింది. తమ్ముడికి పెళ్ళి చేయలేకపోయానన్న దిగులు ఆవిడకు మోకాళ్ళ నొప్పికన్నా పాతది.

"వేలికేమిట్రా అది?"

బిగువైన ఉంగరం బలవంతంగా తొడగొద్దని వచ్చినవాళ్ళందరికీ బుద్ధులు చెప్పే మనిషికి, తన వేలే ఇరుక్కుందని చెప్పడానికి నోరు రాలేదు. "నాదేలే" అన్నాడు.

"నీదా? ఎవరు పెట్టారు?"

అతని ముఖం చెవుల దాకా ఎర్రబడింది. అది సిగ్గే. కాకపోతే అక్క అనుకున్న సిగ్గు కాదు.

"తర్వాత చెబుతాలే అక్కా. నువ్వు పైకెళ్ళు."

అక్క వెళ్ళింది. ఆ కంగారులో కాఫీ కూడా ఆవిడతోనే వెళ్ళింది. అరగంటలో చెల్లెలు, బావ, పిన్ని, పిన్ని కోడలు వరసగా ఫోన్ చేసి పెళ్ళి కుదిరినందుకు శుభాకాంక్షలు చెప్పారు. అతను "అది కాదు" అనేలోపే, తెలుసులే అని నవ్వి పెట్టేశారు. ఎదురు కొట్టు టైలరు గుమ్మంలోకి వచ్చి, సూటుకి కొలతలు తీసుకోమంటారా అని అడిగాడు.

"ఏం సూటు?"

"మా దగ్గర కూడా దాపరికమా మేస్త్రీ గారూ" అని టైలరు అతని భుజం మీద టేపు ఆన్చాడు.

పదింటికి చెక్కుడు పనావిడ వచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఎదురు బల్ల ఆవిడది. భర్త పోయి పదమూడేళ్ళయింది. ఆవగింజంత చోటులో అక్షరం చెక్కగల చేయి. ఇద్దరూ రోజుకి పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. ఏమని పిలవాలో తెలియక అతను "ఇదిగోనండి" అంటాడు. ఆవిడ "ఏమండీ" అనబోయి "మేస్త్రీ గారూ" అని సర్దుకుంటుంది.

మెట్ల దగ్గరే అక్క ఆవిడకి కబురు చేరవేసింది. ఎవరో నగలకొచ్చిన అమ్మాయే అయి ఉంటుందని తన ఊహ కూడా జోడించింది. ఆవిడ లోపలికొచ్చి కూర్చుని, చెక్కే ఉలికి సాన పట్టింది. అయిపోయాక అదే ఉలికి మళ్ళీ పట్టింది.

"కస్టమర్ ఉంగరం ఇస్తే అక్షరాలు చెక్కేస్తాను."

"కాస్త ఆగండి" అంటూ అతను చెయ్యి బల్ల కింద పెట్టుకున్నాడు.

"దాచక్కర్లేదు లెండి. మంచి కబురేగా." ఆవిడ ఉలి వంకే చూస్తోంది. "ఒకటో తారీఖు నుంచి నేను పెద్ద షాపులో చేరుతున్నాను. వాళ్ళు రెండేళ్ళుగా అడుగుతున్నారు."

"ఇక్కడేమైంది?"

"ఏం కాలేదు. అక్కడ వెలుతురు బావుంటుంది."

ఆవిడ బల్ల మీది దీపం పోయిన నెలే అతను మార్చాడు. నాలుగు కొట్లు తిరిగి తెచ్చిన దీపం. ఆ సంగతి చెప్పబోయి ఆగిపోయాడు. చెప్పాల్సింది అది కాదని తెలుస్తోంది.

ఇంతలో ముందు గదిలో మాటలు వినిపించాయి. పోస్టుమాన్‌గా రిటైరైన కస్టమర్ గంట ముందే వచ్చేశాడు.

"ఉంగరం సంగతి చూద్దామని వచ్చానమ్మా."

"ఆ ఉంగరం చేయించింది మీరా?" అక్క గొంతులో తేనె. "కూర్చోండి, కూర్చోండి. మావాడు పొద్దున్నే పెట్టుకున్నాడు. తీస్తే ఒట్టు."

పోస్టుమాన్ కూర్చోలేదు. "పెట్టుకున్నారా?"

"అంత ముచ్చటపడి చేయించాక పెట్టుకోడూ? పెళ్ళికూతురికి మీరేమవుతారు, అన్నగారా?"

"పెళ్ళికొడుకునమ్మా."

అక్క కుర్చీలో కూలబడింది. "మరి మావాడు?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను."

ఇక దాచి లాభం లేదు. మేస్త్రీ చెయ్యి పైకెత్తి ముందు గదిలోకి వచ్చాడు. చిటికెన వేలి కట్టు దగ్గర్నుంచి టైలరు టేపు దాకా జరిగిందంతా తల వంచుకుని ఒప్పుకున్నాడు. అతను చెప్పడం అయ్యేసరికి, వెనకే వచ్చిన చెక్కుడు పనావిడ దారపు ఉండ పట్టుకుని నిలబడి ఉంది.

"కూర్చోండి" అంది.

ఉంగరం కింద నుంచి దారం కొస దూర్చి, వేలి చుట్టూ ఒక్కొక్క వరసా బిగించి చుట్టింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"నొప్పి పుడితే చెప్పండి."

నొప్పి పుట్టింది. అతను చెప్పలేదు. దారం విప్పుతూ ఉంటే ఉంగరం ఒక్కో వరసా దాటి, గీత పడకుండా ఆవిడ అరచేతిలోకి వచ్చింది. మరో అరగంటలో అక్షరాలు కూడా పడ్డాయి. పోస్టుమాన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని చదివాడు.

"ఈ వయసులో ఏమిటని నవ్వుతారేమోనని పదేళ్ళు అడగలేదు నేను. తీరా అడిగితే ఆవిడే నవ్వింది, ఇన్నాళ్ళు ఎందుకు ఆగావని" అన్నాడు. ఉంగరం జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి తీయకుండా వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు అందరికీ ఏమని చెప్పనురా? మొహం ఎక్కడ పెట్టుకోను?" అంటూ అక్క మెట్లెక్కింది.

చెక్కుడు పనావిడ ఉలులు ఒక్కొక్కటే గుడ్డలో చుడుతోంది.

"ఇదిగోనండి, ఆ ఒకటో తారీఖు..."

"మీకు పెళ్ళని విన్నాక ఈ గదిలో కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. వెలుతురు మాట అబద్ధం." ఆవిడ తలెత్తలేదు.

అతను వాచిన వేలు రుద్దుకున్నాడు.

"మీకు అభ్యంతరం లేకపోతే, అక్క చెప్పిన కబురు అలాగే ఉంచేద్దాం."

ఆవిడ గుడ్డ విప్పి, ఉలులు మళ్ళీ బల్ల మీద వరసగా పేర్చింది. "మరి మీ వాళ్ళకి పెళ్ళికూతురెవరో తెలియదుగా" అంది.

"పొద్దున నాకూ తెలియదు."

పెళ్ళికూతురెవరో చెప్పడానికి ఆ సాయంత్రం అక్క అందరికీ మళ్ళీ ఫోన్ చేసింది. ఎదురు బల్ల ఆవిడేగా, ఇందులో కొత్తేముందని ఒక్కరు కూడా పూర్తిగా వినలేదు.