ముప్పై బోర్డుకు గోనెపట్ట

"ఈ ఊరి గుండా పోయే ఏ బండీ ఇకమీదట గంటకు ముప్పై కిలోమీటర్లు దాటరాదు! మనిషి ప్రాణం కన్నా వేగం గొప్పది కాదు!"

కళ్యాణదుర్గం రోడ్డు పక్కన షామియానా వేసి, మైకులో ఇలా శాసించిన మహానుభావుడు మా ఆయన రామాంజనేయులే. ఊరి రోడ్డు భద్రతా సంఘానికి అధ్యక్షుడు. సభ్యులు ఇంకా చేరవలసి ఉంది.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మస్తానాబీ. ఆమె ఇల్లు రోడ్డుకు ఈ పక్క, కూతురు ఆరీఫా చదివే బడి ఆ పక్క. తల్లి తెల్లారకముందే కూలికి పోతుంది. బిడ్డ ఒక్కతే దాటాలి.

ముప్పై అని రాసిన బోర్డు పెట్టినాక లారీలు అత్తగారి ముందు కొత్తకోడళ్లలా నడిచాయి. అంతలో మా ఉలవ పంట చేతికొచ్చింది.

మా వైపు ఉలవచెట్లు పీకి తారురోడ్డు మీదే పరుస్తాం. వచ్చేపోయే లారీలు తొక్కి గింజ రాలుస్తాయి. డీజిలు వాళ్లది, ఉలవలు మావి! కానీ నింపాదిగా వచ్చే డ్రైవరుకు ఎదురుగా ఏముందో కనిపిస్తుంది కదా! పక్కకు తిప్పుకుని మర్యాదగా పోతున్నాడు. ఎనభైలో వచ్చేవాడైతే తిప్పుకోలేక మీదనే పోతాడు. 

మర్నాటికి బోర్డుకు గోనెపట్ట కట్టి ఉంది!

మస్తానాబీ పరుగున వచ్చింది. "ఏమన్నా, బోర్డు మూసేసినావు? నా బిడ్డ ఎట్ల దాటల్ల?"

"మూసేది యాడిదమ్మా! ఎండకు రంగు పోతాండాది. ఉలవలు అయ్యేదాకా పాపను బడి మానిపియ్యి. అంతలోనే కలెక్టరయ్యేది ఉండాదా?"

"రంగు పోతే మళ్లా పూస్తారు. బిడ్డ పోతే యాడనుంచి తెస్తావన్నా?"

ఆయన కట్టె తీసుకుని ఉలవలు తిరగెయ్యడానికి రోడ్డెక్కారు. సర్రున ఒక లారీ! అధ్యక్షులవారు ఎగిరి కంపచెట్లలో పడ్డారు.

నేను ముళ్లు పీకుతుంటే ఒకటే కేకలు: "నాయాండ్లకు మనిషి పాణమంటే లెక్కే లేదే!"

"మీరు రోడ్డు మీదుండేంతసేపు గోనెపట్ట తీసేయండి. దిగినాక కట్టుకుందురు," అన్నాను వినయంగా. ఆయనకు ఈ చట్టం బ్రహ్మాండంగా నచ్చింది.

"ఇంకొకటి. పొద్దున తొమ్మిదికి, సాయంత్రం నాలుగున్నరకు తిరగేస్తేనే గింజ బాగా రాలుతుందంట. రేడియోలో చెప్పినారు," అన్నాను.

అవి బడి పెట్టే వేళ, విడిచే వేళ. మా ఇంట్లో రేడియో లేదు. ఆయనకు రెండూ తట్టలేదు.

ఇప్పుడు రోజూ రెండు పూటలా గోనెపట్ట తొలగుతుంది, లారీలు నెమ్మదిస్తాయి, మా ఆయన రోడ్డు నడుమ కట్టె పట్టుకుని నిలబడతారు, ఆయన వెనకగా ఆరీఫా సంచి ఊపుకుంటూ దాటిపోతుంది.

"ఆడబిడ్డ సదువు కోసం ఎండలో ఎట్ల నిలబడినాడో సూడప్పా!" అని బస్సుల్లోంచి జనం దండాలు పెడుతున్నారు.

"ఏదో, మన బాధ్యత!" అంటూ ఆ దండాలన్నీ అందుకుని, రోడ్డు దిగిన మరుక్షణం గోనెపట్ట బిగించి కట్టేస్తున్నారు మా ఆయన.