పెద్దాయన నవ్వారు

"శుక్రవారం ఉదయం కూడలిలో మా నాన్నగారి కంచు విగ్రహాన్ని ఆవిష్కరిస్తున్నాను" అని మంత్రిగారు ప్రకటించారు. మంత్రిగారు మాట ఇస్తే వెనక్కి తీసుకోరు. విగ్రహానికి మాత్రం అంత పట్టుదల లేకపోయింది. గురువారం సాయంత్రానికి అది మెడ వరకే తయారైంది.

సాంస్కృతిక శాఖ డైరెక్టర్ గారు మహా మేధావి. శాఖ ఫొటోగ్రాఫర్ని గదిలోకి పిలిచి తలుపేశారు.

"సెలవు రోజుల్లో బజారు వీధిలో తిరుగుతావట. ఒళ్ళంతా రంగు పూసుకుని విగ్రహాల్లా నిలబడతారే, వాళ్ళని ఫొటోలు తీస్తుంటావట?"

"ఏదో సరదా సార్. ఇంకెప్పుడూ తియ్యను సార్."

"తియ్యి నాయనా, తియ్యి! వాళ్ళలో అస్సలు కదలనివాడెవడు?"

"కంచు బాబాయి సార్. ముక్కు మీద కందిరీగ వాలినా రెప్ప వెయ్యడు."

"రేపటికి అతనే పెద్దాయన. ఫొటో బాగా వచ్చిందా, నిన్ను పర్మినెంట్ చేయిస్తా. తేడా వచ్చిందా, కెమెరా అప్పజెప్పి ఇంటికి పో."

పెళ్ళినాటి నుంచీ టెంపరరీగానే ఉన్న ఫొటోగ్రాఫర్ తలూపాడు. ఇలాంటి చిన్న విషయాలు చెప్పి మంత్రిగారి మనసు కష్టపెట్టడం డైరెక్టర్ గారికి ఇష్టం లేదు. అందుకని చెప్పలేదు.

శుక్రవారం తెర తొలగింది. పెద్దాయన బతికుండగా నవ్వి ఎరగరు. నవ్వితే ఓట్లు చెదిరిపోతాయని ఆయన గట్టి నమ్మకం. కంచు బాబాయి కూడా అచ్చం అలాగే మొహం ముడుచుకుని నిలబడ్డాడు. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. మైకు అందుకున్నారు.

"మా ప్రభుత్వంలో ఉత్తుత్తి పనులుండవు! ఈ విగ్రహం లాగే అన్నీ అసలైనవే!"

"కొంచెం నవ్వండి సార్" అన్నాడు ఫొటోగ్రాఫర్, అలవాటు కొద్దీ.

మంత్రిగారు ప్రసంగంలో ఉన్నారు. విగ్రహం నవ్వింది. కెమెరా క్లిక్‌మంది.

మర్నాడు అన్ని పేపర్లలోనూ అదే ఫొటో. తన నోటి దూలే తన కొంప ముంచిందని ఫొటోగ్రాఫర్ తల బాదుకున్నాడు. అంతలో మంత్రిగారి నుంచి పిలుపొచ్చింది.

"నా పాలన చూసి నాన్నగారు నవ్వారయ్యా!" మంత్రిగారు పేపర్లోని ఫొటోని కళ్ళకద్దుకున్నారు. "బతికుండగా నన్ను చూసి ఒక్కసారీ నవ్వలేదు. వచ్చే వారం ముఖ్యమంత్రిగారిని తీసుకొస్తున్నా. మళ్ళీ నవ్వించు."

ఈలోగా అసలు విగ్రహం వచ్చేసింది. డైరెక్టర్ గారు రిహార్సల్ పెట్టించారు. దాని ముందు నిలబడి "కొంచెం నవ్వండి సార్" అని ఫొటోగ్రాఫర్ మధ్యాహ్నం దాకా బతిమాలాడు. అది నవ్వలేదు. డైరెక్టర్ గారు ఫైలు మీద 'డిఫెక్టివ్ పీస్' అని రాసి దాన్ని గోడౌనుకు పంపించేశారు.

ఫొటోగ్రాఫర్ బజారు వీధికి పరుగెత్తాడు.

"బాబాయ్, నా ఉద్యోగం నీ చేతిలో ఉంది. ఆ రోజులాగే, నేను నవ్వండి అనగానే నవ్వెయ్యి."

"నువ్వెప్పుడన్నావు?"

"అన్నాను కదా! అందుకే కదా నవ్వావు?"

"నాకు వినపడనే లేదు అబ్బాయ్. నవ్వమంటే నవ్వేవాణ్ణయితే ఈ వీధిలో ఇన్నేళ్ళు నిలబడేవాణ్ణా?" కంచు బాబాయి తల దించుకున్నాడు. "వృత్తిలోకొచ్చాక అదే మొదటి తప్పు. ఎంత ఆపుకున్నా ఆగలేదు."

"మరిప్పుడెలా బాబాయ్?"

"ఏముంది! మంత్రిగారిని మళ్ళీ ఆ ప్రసంగమే ఇమ్మను."