పొదలుగా నమోదైన ముప్పై ఒక్క చెట్లు

మానవజాతి వెనుకబాటుకు మూలకారణం చెట్లకు క్రమశిక్షణ లేకపోవడమేనని మా తూర్పు ఫిన్లాండ్ వృక్ష ప్రవర్తనా కార్యాలయం కనిపెట్టి రెండేళ్లయింది. (అంతకుముందు మూలకారణం రోడ్డు దాటే దుప్పులు.) అప్పటినుంచి మా ఊరు కొయివుమాకిలో ప్రతి చెట్టుకూ పది మార్కుల పరీక్ష. నిటారుతనానికి నాలుగు, ఎత్తుకు మూడు, బెరడు నునుపుకు రెండు, సత్ప్రవర్తనకు ఒకటి. నాలుగు రాకపోతే ఆ చెట్టును "జన్యుపరంగా నిరాశాజనకం" అని రాసి, పొట్టు చేసి, ఊరికి వేడినీళ్లు కాచే బాయిలర్‌కు పంపుతారు.

మా పక్కింటి హిల్కా చెట్లకు ఒకటిన్నర వచ్చింది. ముప్పై ఒక్కటికీ అంతే. (అందులో ఒకటి సత్ప్రవర్తనది.)

హిల్కా కత్తులు చేస్తుంది. వయసు అరవై ఎనిమిది. నలభై ఒక్క ఏళ్ల కిందట వాళ్లమ్మ లెంపి ఒకే తల్లిచెట్టు గింజలు తెచ్చి నాటింది. తోబుట్టువులే గానీ ఒక్కటీ ఒక్కలా పెరగలేదు. కొన్ని మొలకలోనే పోయాయి. కొన్ని స్తంభాల్లా లేచాయి, వాటి లోపల తెల్లటి చప్పటి చెక్క. మిగిలిన ముప్పై ఒక్కటి మాత్రం పొట్టిగా, గూనితో, ఒళ్లంతా బుడిపెలతో నిలిచాయి. సుడి భూర్జ చెట్లంటే ఇవే. కోస్తే పాలరంగు చెక్కలో గోధుమరంగు సుడులు కనిపిస్తాయి. కత్తి పిడికి అంతకన్నా అందమైన చెక్క మా దేశంలో లేదు. అది పుట్టుకతో రావలసిన గుణం. కాకపోతే నలభై ఏళ్లు ఆగాలి. లెంపి చూడకుండానే కన్నుమూసింది. అమ్మ చూడలేనిది తనైనా చూడాలని ఈ ఏడాది హిల్కా రంపానికి పదును పెట్టుకుంది. ఆ వారమే నోటీసు వచ్చింది.

పరీక్షాధికారి యార్మో చాలా మర్యాదస్తుడు. రెండో కప్పు కాఫీ పూర్తయ్యేదాకా దుర్వార్త చెప్పడు.

"ఏమయ్యా, నీ కళ్లకేం తెగులు? ఆ గూనివే అసలైనవి!" అంది హిల్కా.

"గూని అని మీరే అన్నారు. రాసుకుంటున్నాను."

"రాసుకో! ఒక్కదాన్ని కోస్తా, లోపల చూసి మాట్లాడు."

"లోపల చూడాలంటే నమూనా తీయాలండీ. నమూనాకు చెట్టుకు కనీసం ఏడు మార్కులుండాలి. తప్పిన చెట్టును కోసి చూసి ఏం లాభం చెప్పండి?"

అంచేత అదే తోటలో తొమ్మిది మార్కులు వచ్చిన నిటారు చెట్టుకు పెన్సిలంత రంధ్రం వేసి చూశారు. తెల్లగా, చప్పగా ఉంది. ఈ తోటలో సుడులే లేవని శాస్త్రీయంగా తేలిపోయింది. హిల్కా ఏప్రాన్‌లో మొహం దాచుకుని ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పీలు పెట్టాం.

అప్పీళ్లను ఆవిరిగదిలోనే వినాలని నియమం. అధికారీ పౌరుడూ సమానంగా కనిపించే చోటు మా దేశంలో అదొక్కటే. ఆ రోజు మగవాళ్ల వంతు కాబట్టి హిల్కా తరఫున నేను వెళ్లాను. యార్మో పై బల్ల మీద, దిగంబరంగా, ఒళ్లో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫైలుతో కూర్చున్నాడు. నేను కాలే రాళ్ల మీద నీళ్లు చల్లాను. ఆయన మా ఆవిరిస్నానపు ఆచారం ప్రకారం, నేను తెచ్చిన భూర్జ ఆకుల కట్టతో వీపు బాదుకోవడం మొదలుపెట్టాడు.

"అబ్బబ్బ, ఏం ఆకులండీ! ప్రాణం లేచొచ్చింది. ఎక్కడివి?"

"హిల్కా గూనివాటివే సారూ."

ఆయన చెయ్యి ఆగిపోయింది. "తీర్పు పెండింగులో ఉన్న చెట్టు కొమ్మలు విరిచారా?"

నోటికొచ్చింది అనేశాను. "చెట్టెక్కడిది సారూ! పొద అది. మొదట్లోనే నాలుగు కొమ్మలు, పైన తుప్ప. దాన్ని చెట్టని ఎవరంటారు?"

యార్మో చెమట తుడుచుకుని ఫైలు తిరగేశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "అయ్యో, మొదటే చెప్పొద్దూ! పొదలకు వేరే పట్టిక. పొదకు వంకరుంటే నాలుగు మార్కులు, పొట్టిదైతే మూడు, బుడిపెలకు రెండు! పదికి పది వస్తాయండీ! మండలంలోనే ప్రథమం!"

ఇద్దరం కేకలు పెట్టుకుంటూ వెళ్లి చెరువులో దూకాం. గట్టు మీద కాఫీ ఫ్లాస్కుతో కాచుకున్న హిల్కా, "ఏమైంది, ఏమైంది?" అని అరుస్తూ నీళ్లలోకి దిగింది, చెప్పులతో సహా. సంగతి విని నన్ను వాటేసుకుంది. (నియమం ప్రకారం నేనింకా సమానంగానే ఉన్నాను.) ఆ సాయంత్రం ఊరంతా అకార్డియన్‌కు చిందులేసింది. యార్మో స్వయంగా ప్రతి పొద నడుముకూ ఉత్తమ పొద రిబ్బను కట్టాడు.

మర్నాడు హిల్కా రంపం తీసుకుని మొదటి దాని దగ్గరికి నడిచింది.

"ఆగండాగండి!" యార్మో పరుగెత్తుకొచ్చాడు. "పొదకు చెక్క ఉండదు. లేని చెక్కను కోయడం నేరమండీ. పైగా ఉత్తమ పొద!"

"ఒక్కటే నాయనా. ఒక్కదాని లోపల చూస్తానయ్యా."

యార్మోకూ మనసు కరిగింది. కార్యాలయంతో గంటసేపు పోట్లాడి మినహాయింపు సాధించాడు. పొద సహజంగా మరణించాక యజమాని దాని లోపల చూసుకోవచ్చు. సుడి భూర్జ సగటు ఆయుష్షు తొంభై ఏళ్లని లెక్కగట్టి, హిల్కాకు నలభై తొమ్మిదేళ్ల తర్వాత వచ్చే ఒక సోమవారం, ఉదయం పదకొండు గంటలకు సమయం కేటాయించారు. యజమాని స్వయంగా రావాలి, పది నిమిషాలకు మించి ఆలస్యమైతే దరఖాస్తు రద్దవుతుంది.